'మిస్సమ్మ'లో పెళ్ళి అబద్ధం, అప్పు నిజం: ఆ అబద్ధాన్ని మనం ఎందుకు క్షమిస్తాము?

ప్రశ్న: గోదారి గట్టు

నమస్కారం. మొన్న సెలవులకు మా అమ్మ రాజమహేంద్రవరం నుండి వచ్చినప్పుడు అమ్మ, నేను, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ముగ్గురం కూర్చుని 'మిస్సమ్మ' సినిమా చూశాము. అమ్మకు అందులోని మాటలన్నీ నోటికి వచ్చు. నేను చిన్నప్పటి నుండి టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మా అమ్మాయికి మాత్రం అదే మొదటిసారి. రేలంగి నోట "తైలం" అన్న మాట వచ్చినప్పుడల్లా మేమిద్దరం నవ్వుతూ ఉంటే, అది డబ్బుకు దేవయ్య పెట్టుకున్న పేరని తనకు విడమరచి చెప్పవలసి వచ్చింది.

సినిమా అయిపోయాక తను అడిగిన ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలడం లేదు. "వాళ్ళిద్దరూ చేసింది మోసమే కదా అమ్మమ్మా? పెళ్ళి కాకుండానే అయిందని చెప్పి ఉద్యోగాలు తెచ్చుకున్నారు. అంత ప్రేమగా చూసుకున్న వాళ్ళ దగ్గరే రోజూ అబద్ధం ఆడారు. మీకు నవ్వెలా వస్తోంది?" అని అడిగింది. అమ్మ "కోటి విద్యలు కూటి కొరకే తల్లీ" అని ఊరుకున్నారు కానీ, ఆ జవాబు మా అమ్మాయికి చాలలేదు, నిజం చెప్పాలంటే నాకూ చాలలేదు.

చాలకపోవడానికి నా కారణం నాకు ఉంది. 2003లో నేను హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు, ఆఫీసుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఎక్కడ గది అడిగినా "ఫ్యామిలీకే ఇస్తాము" అనేవారు. హాస్టలుకు అడ్వాన్సు కట్టేపాటి డబ్బు అప్పటికి నా దగ్గర లేదు. చివరికి ఒక ఇంట్లో, నా భర్త గల్ఫులో పని చేస్తున్నారని చెప్పి గది తీసుకున్నాను. సుల్తాన్ బజారులో కొన్న నల్లపూసల గొలుసు పదకొండు నెలల పాటు మెడలో వేసుకుని తిరిగాను. అబద్ధం ఆడిన రోజు నాకు పెద్దగా బాధ అనిపించలేదు, అవసరం అంతగా ఉంది. కానీ శ్రావణమాసంలో ఆ ఇంటావిడ నన్ను కూతురిలా పిలిచి పీట వేసి, కాళ్ళకు పసుపు రాసి, "మీ ఆయన క్షేమంగా రావాలి" అని వాయనం చేతిలో పెట్టినప్పుడు ఆ శనగలు నోట్లో పెట్టుకోలేకపోయాను.

అందుకే అడుగుతున్నాను. సినిమాలో సావిత్రి వేసిన మేరీ, ఎన్.టి. రామారావు వేసిన రావుల అబద్ధాన్ని మనం క్షమించడానికి వారి పేదరికం ఒక్కటే కారణమా, లేక ఆ సినిమా తీసిన తీరులోనే ఇంకేదైనా ఉన్నదా? దయచేసి "పాత సినిమాలు పాత సినిమాలే" అన్న మాటతో సరిపెట్టకుండా, కథలోకి వెళ్ళి చెప్పగలరు.

జవాబు: లెక్కల మాస్టారు, బొబ్బిలి

అమ్మా, మీ ప్రశ్న చదివాక మళ్ళీ ఆ సినిమా పెట్టుకుని చూసి ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో చూడాలి. అప్పాపురంలో గోపాలం గారు తప్పిపోయిన తమ పెద్దకూతురు మహాలక్ష్మి పేరు మీద బడి నడుపుతున్నారు. ఆ బడికి డిగ్రీ చదివిన ఉపాధ్యాయులు కావాలి, వాళ్ళు భార్యాభర్తలై ఉండాలి. పాఠం చెప్పడానికి చదువు కావాలి గానీ పెళ్ళితో ఏమి పని? ఆ షరతు పెట్టింది డబ్బున్నవారు, దానికి తలవంచి అబద్ధం చెప్పవలసి వచ్చింది డబ్బు లేనివారు. మీకు గది ఇవ్వనన్నవారు పెట్టిన షరతు కూడా ఇలాంటిదే. తప్పు మీ నల్లపూసలతో మొదలు కాలేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ మాట ఊరికే అనడం లేదు. 1974లో నేను బి.ఎడ్. పూర్తి చేసి ఒక ప్రైవేటు బడిలో చేరాను. ప్రతి నెలా అక్విటెన్సు రిజిస్టరులో, అంటే జీతాలు ముట్టినట్టు రాసే పుస్తకంలో, రెవెన్యూ బిళ్ళ మీద 250 రూపాయలు ముట్టినట్టు సంతకం చేసేవాడిని, నా చేతికి మాత్రం 140 ఇచ్చేవారు. పిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పే మనిషిని నెలకొకసారి తప్పుడు లెక్క మీద సంతకం పెట్టేవాడిని. పెట్టకపోతే ఆ 140 కూడా ఉండదు, ఇంటి దగ్గర అమ్మానాన్నా, ఇద్దరు తమ్ముళ్ళూ నా జీతం కోసం ఎదురు చూసేవారు. ఉద్యోగం కోసం అబద్ధం ఆడడం అంటే ఏమిటో సంతకం పెట్టిన చేతికి తెలుస్తుంది.

'మిస్సమ్మ' విడుదలైనది 1955 జనవరి 12న. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. డిగ్రీ చేతికి వచ్చినా నౌకరీ దొరకక తిరిగే యువకుడు ఆనాటి ప్రేక్షకులకు ఎదురింటి అబ్బాయి వంటివాడు. ఎం.టి. రావు అన్న పేరునే చూడండి. ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలను గబగబా కలిపి పలికితే ఖాళీ అన్న అర్థం వస్తుంది. జేబు ఖాళీ అన్న సంగతిని మనిషి పేరులోనే పెట్టారు.

అయితే ఒక మాట కూడా చెప్పాలి. షరతు తప్పే అయినా గోపాలం గారు చెడ్డ మనిషి కారు, ఎస్.వి. రంగారావు ఆ పాత్రలో ఎక్కడా పెత్తందారులా కనిపించరు. పోగొట్టుకున్న కూతురి పేరు ఒక బడికి పెట్టుకుని, ఆ బడి సజావుగా నడిస్తే చాలనుకునే తండ్రి ఆయన. మోసపోతున్నవాడు దుర్మార్గుడైతే మనకు ఏ ఇబ్బందీ ఉండదు. అతడు మంచివాడు కావడం వల్లనే మీ అమ్మాయికి ఆ ప్రశ్న వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల అంత దూరం ఆలోచించిందంటే ఆమెను మెచ్చుకోవాలి.

జవాబు: వెన్నెల పాటలు

మాస్టారు గారు బడి వైపు నుండి చెప్పారు కాబట్టి నేను మేరీ వైపు నుండి చెబుతాను, ఎందుకంటే ఈ సినిమా గురించి ఎక్కువమంది పొరబడేది ఆమె విషయంలోనే. మేరీ చిరాకును చాలామంది పొగరు అనుకుంటారు. నాకు అది అప్పు ఉన్న మనిషి కోపంగా కనిపిస్తుంది.

రావుకూ మేరీకీ ఇద్దరికీ డబ్బు లేదు, కానీ ఆ లేమి ఇద్దరికీ ఒకటి కాదు. రావుకు జేబు ఖాళీ, అంతే. అతడిని నిలదీసేవారు లేరు, కాబట్టి అతడు నవ్వగలడు, పాడగలడు, దేవయ్యను వెంటబెట్టుకుని తిరగగలడు. మేరీ తల్లిదండ్రులు డేవిడ్‌కు బాకీ పడి ఉన్నారు, ఆ డేవిడ్ ఆమెను పెళ్ళి చేసుకోవాలని వెంటపడుతున్నాడు. అంటే ఆమె జీతం తేలేకపోతే ఆ బాకీకి జమ కావలసింది ఆమె జీవితమే. ఇష్టం లేని పెళ్ళిని తప్పించుకోవడానికి ఆమె అబద్ధపు పెళ్ళిని భుజాన వేసుకున్నది. రావు హాస్యమాడినప్పుడల్లా ఆమె ఎందుకు మండిపడుతుందో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది. అతడికి అది నాటకం, ఆమెకు గడువు.

ఇప్పుడు సీమంతం ఘట్టం గుర్తు చేసుకోండి. మేరీ గర్భవతి అని నమ్మి ఆ ఇంట్లో పేరంటం జరిపిస్తారు, "శ్రీ జానకీదేవి సీమంతమలరే" అని మంగళంగా పాడుతారు. పాట ఎంత తీయగా ఉంటుందో, పాట మధ్యలో కూర్చున్న మనిషికి అది అంత నరకం. పాట జరుగుతున్నంతసేపూ నేను సావిత్రి ముఖాన్నే చూస్తాను. చుట్టూ ఉన్నవారి ఆనందంలో కల్మషం లేదు. వాళ్ళ మీద కోప్పడడానికి వీలు లేదు, నిజం చెప్పడానికి వీలు లేదు, లేచి వెళ్ళిపోవడానికి అసలే వీలు లేదు. గోదారి గట్టు గారూ, మీరు ఆ వాయనం శనగలు నోట్లో పెట్టుకోలేకపోయానని రాసినప్పుడు నాకు వెంటనే ఈ దృశ్యం కళ్ళ ముందుకు వచ్చింది. మీ అమ్మాయికి నేను చెప్పదలచుకున్న జవాబు కూడా ఇక్కడే ఉంది. ఈ సినిమా వారి అబద్ధాన్ని ఊరికే వదిలిపెట్టలేదు. శిక్ష వేసింది, కాకపోతే దాన్ని ఆప్యాయత చేతుల మీదుగా వేయించింది. అక్కినేని వేసిన రాజు డిటెక్టివ్‌నని చెప్పుకుంటూ అంతటా ఆరా తీస్తూనే ఉంటాడు. అయినా వాళ్ళిద్దరినీ ఎక్కువగా భయపెట్టేది అతడి పరిశోధన కాదు, గోపాలం దంపతుల ఆదరణ.

మేరీ పాత్రకు మొదట తీసుకున్నది భానుమతి గారిని, ఆమె మీద కొన్ని దృశ్యాలు చిత్రీకరించారు కూడా. ఆ తరువాత ఆమె తప్పుకోవడంతో, చెల్లెలు సీత పాత్ర వేయవలసిన సావిత్రి మేరీ అయ్యారు, సీత పాత్ర జమునకు వచ్చింది. భానుమతి గారి పట్ల నాకున్న గౌరవం తక్కువది కాదు. ఆమె మేరీ అయి ఉంటే ఆ కోపం ఇంకా పదునుగా ఉండేదేమో. సావిత్రి కోపంలో మాత్రం కన్నీరు ఎప్పుడూ ఒక అడుగు దూరంలో ఉంటుంది. బాకీ ఉన్న ఇంటి ఆడపిల్ల ముఖం అలాగే ఉంటుందని నా అభిప్రాయం.

"రావోయి చందమామ" పాటను మనం ప్రేమ పాటల జాబితాలో వేసుకున్నాము. శ్రద్ధగా వింటే అది ఒక ఫిర్యాదు. ఇద్దరూ ఒకే వెన్నెలలో ఉండి, ఒకరితో ఒకరు చెప్పుకోలేక, ఒకరి మీద ఒకరు చంద్రుడికి చెప్పుకుంటారు. మతాలు కలవలేదని, తగవులు తీరడం లేదని, ఇలాంటి కాపురం ఎలాగని మొరపెట్టుకుంటారు. పింగళి గారు ఆ మాటలు రాస్తే, సాలూరు రాజేశ్వరరావు గారి బాణీలో ఎ.ఎం. రాజా, పి. లీల పాడారు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ ఆ వెన్నెలను పట్టుకున్నారు. పెళ్ళి కాని ఇద్దరు అంత నిజమైన దాంపత్య కలహం ఆడుకుంటున్నారంటే, ఆ అబద్ధం అప్పటికే సగం నిజమైపోయిందని అర్థం. రావు సీతకు సంగీతం చెబుతూ ఉంటే మేరీకి వచ్చే అసూయ మిగిలిన సగం.

జవాబు: తెనాలి కాలువ

పై ఇద్దరి జవాబులూ ఎంతో బాగున్నాయి. అయినా నేను విభేదించక తప్పదు. మా ఊరి చక్రపాణి గారి మీద నాకున్న అభిమానం తక్కువేమీ కాదని ముందే మనవి చేస్తున్నాను. బెంగాలీ రచయిత శరత్ నవలలను తెలుగు ఇళ్ళలోకి తెచ్చిన ఆయనే, రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మన్మయీ గర్ల్స్ స్కూల్' అనే బెంగాలీ నాటకం ఆధారంగా 'మిస్సమ్మ'ను మన ఇంటి కథగా మార్చారు.

నా అభ్యంతరం అప్పు విషయంలో. కథను మొదలుపెట్టింది ఆ అప్పు, కానీ కథను ముగించింది అది కాదు. మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలగానే అప్పు, డేవిడ్, మతభేదం అన్నీ ఒక్కసారిగా పక్కకు తప్పుకుంటాయి. కలిగిన ఇంటి కూతురని తేలకపోయి ఉంటే మేరీ గతి ఏమిటి? రమణారెడ్డి ఎంత గొప్పగా నటించినా, డేవిడ్‌ను చూసి నవ్వి ఊరుకునే వీలు మనకు కల్పించారు. నిజంగా అప్పు ఇచ్చినవాడు గుమ్మం ముందు నిలబడితే ఎవరికీ నవ్వు రాదు.

1989లో మా అక్క పెళ్ళికి మా నాన్న గారు నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 రూపాయలు తెచ్చారు. అందులో సగానికి పైగా లాంఛనాలకే పోయింది. ఆ ప్రోనోటు, అంటే అప్పు పత్రం, ఇప్పటికీ నా దగ్గర ఉంది. ముందువైపు రెవెన్యూ బిళ్ళను కోస్తూ ఆయన సంతకం, వెనుకవైపు కట్టిన సొమ్ముకు రాసిన చెల్లులు. మూడేళ్ళు దాటితే నోటు కోర్టులో చెల్లకుండా కాలదోషం పడుతుంది కాబట్టి, గడువు దగ్గర పడేసరికి అప్పు ఇచ్చిన ఆసామి ఇంటికి వచ్చి, ఎంతో కొంత తీసుకుని, మా నాన్న గారి చేతనే చెల్లు రాయించుకుని వెళ్ళేవాడు. ఆ ఆసామి ఎన్నడూ గొంతు పెంచలేదు, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అక్క క్షేమం అడిగి వెళ్ళేవాడు. నెలకు 800 చొప్పున ఎనిమిదేళ్ళలో మేము కట్టిన వడ్డీయే 76,800 రూపాయలు. మొదటి చెల్లులో మా నాన్న గారి అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉంటాయి, చివరి చెల్లుకు వచ్చేసరికి గీతలు వణికిపోయి ఉంటాయి. ఈ కాగితం ఇంట్లో ఉన్నవాడికి 'మిస్సమ్మ' ముగింపు చాలదు.

అందుకే డబ్బు సంగతి నిజాయితీగా చెప్పిన సినిమా ఏదని అడిగితే, 'మిస్సమ్మ' నిర్మించిన విజయా సంస్థకే, దాని దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారే 1952లో తీసిన 'పెళ్ళిచేసి చూడు'నే నేను ముందు నిలబెడతాను. అందులో కట్నం ముట్టలేదని పెళ్ళికొడుకు తండ్రి పెళ్ళి పందిట్లోనే రచ్చ చేసి కొడుకును లాక్కుపోతాడు. ఆ తరువాత పెళ్ళికొడుకు రామారావు పిచ్చి పట్టినట్టు నటించి, తాళి కట్టిన భార్యనే నర్సుగా ఇంటికి తెచ్చుకోవలసి వస్తుంది. 'మిస్సమ్మ'లో పెళ్ళి కానివారు అయినట్టు నటిస్తే, ఇందులో పెళ్ళి అయినవారు కానట్టు నటిస్తారు, కారణం రెండింట్లోనూ డబ్బే. వరకట్న నిషేధ చట్టం 1961లో గానీ రాలేదు, ఈ సినిమా దానికి తొమ్మిదేళ్ళ ముందే పందిట్లో జరిగే బేరాన్ని అందరి ముందూ పెట్టింది. 1959 నాటి 'అప్పుచేసి పప్పుకూడు' ఇంకొక దారి పట్టింది. సి.ఎస్.ఆర్. వేసిన రామదాసు అప్పుల మీదే దర్జా నిలుపుకుంటూ, కొడుకు పెళ్ళిని ఆ అప్పులు తీర్చే మార్గంగా చూస్తాడు. కోడలు ఉండగానే కొడుక్కి డబ్బున్న సంబంధం కోసం ఆరాటపడే ఆ మామగారు నాకు డేవిడ్ కంటే ఎక్కువ నిజంగా కనిపిస్తాడు.

కాబట్టి మీ అమ్మాయి అడిగినది సరైన ప్రశ్నే. కాకపోతే దానితో పాటు "ఆ అప్పు చివరికి ఎవరు తీర్చారు?" అని కూడా అడగమనండి.

జవాబు: లెక్కల మాస్టారు, బొబ్బిలి

తెనాలి కాలువ గారూ, మీ నాన్న గారి చెల్లుల గురించి చదివి కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. ముగింపు విషయంలో మీరు అన్నది ఒప్పుకుంటున్నాను. తప్పిపోయిన కూతురు దొరకడం అనేది అప్పుకు జవాబు కాదు, కథను ఒడ్డుకు చేర్చే పడవ మాత్రమే.

ఒక్క చోట మాత్రం నాది వేరే మాట. మేరీకి తన పుట్టుక తెలిసే లోపు ఆ కథలో చాలా కాలం గడుస్తుంది, అంతకాలమూ ఆమె పాఠం చెప్పి జీతం తీసుకుంటుంది. 1955లో తెరమీద ఒక కథానాయిక తల్లిదండ్రుల బాకీ తీర్చడానికి ఊరు కాని ఊరు వెళ్ళి, బల్ల ముందు నిలబడి, తన చదువుతో సంపాదించింది. మా చెల్లెలు టీచరు ట్రైనింగుకు వెళ్తానని పట్టుబట్టినప్పుడు "సావిత్రి వెళ్ళలేదా" అన్నది. ఇంట్లో ఎవరమూ ఎదురు చెప్పలేకపోయాము. ఆమె ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ పాఠశాలలో పని చేసి, పింఛను తీసుకుంటూ సుఖంగా ఉంది.

గోదారి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. ప్రోనోటు అంటే ఏమిటో, చెల్లు ఎందుకు రాస్తారో అమ్మ అరగంట సేపు చెప్పారు. తన పెళ్ళికి తాతయ్య రాసిన నోటు సంగతి నాకు కూడా ఆ రోజే తెలిసింది.

నిన్న రాత్రి సీమంతం ఘట్టం మాత్రం మళ్ళీ పెట్టుకుని చూశాము. ఈసారి మా అమ్మాయి సావిత్రిని తప్ప ఎవరినీ చూడలేదు. పాట అయ్యాక "నువ్వు ఆ ఆంటీకి తరువాతైనా నిజం చెప్పావా?" అని నన్ను అడిగింది. చెప్పలేదు. గది ఖాళీ చేసిన రోజున, ఆయన దగ్గరికి వెళ్తున్నానని ఇంకొక అబద్ధం చెప్పి వచ్చాను. ఆవిడ నాకు ఒక జాకెట్టు ముక్క, డబ్బా నిండా సున్నుండలు ఇచ్చి పంపారు.

ఆవిడ ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటున్నారని పక్కింటివారి ద్వారా తెలుసుకున్నాను. వచ్చే ఆదివారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. 'పెళ్ళిచేసి చూడు' ఆ తరువాత చూస్తాము.